గొలుసు మీద కోటు

1979 నవంబరు 17, శనివారం, ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు ఆయన మా ఇంటి పక్కవాకిట్లో నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో చుట్టగా చుట్టిన ఇనుప గొలుసు. రెండో చేతిలో కప్పీ, కొక్కెం, తాళంకప్ప వేసిన గుడ్డసంచి. బయట మంచు పడుతోంది. భుజాల మీద పేరుకున్నదాన్ని దులుపుకోకుండానే, "ఇంజినీరు సాబ్, మీ బేస్‌మెంట్ సీలింగు ఎత్తెంత?" అని అడిగాడు. ఏడడుగుల ఆరంగుళాలని చెప్పాను. "సాల్తది," అని బూట్లు విప్పి లోపలికి వచ్చాడు.

ఆ గొలుసు గురించి రాయవలసిన అవసరం నిన్న కలిగింది. చలికాలానికి ముందు ఫర్నేస్ పరీక్షించడానికి వచ్చిన పనివాడు టార్చిలైటు పైకి తిప్పి, "జింకను వేలాడదీయడానికా?" అని అడిగాడు. మిషిగన్‌లో రేపటినుంచి వేట సీజను. మా నోవై ఊళ్ళో ఎవరి నేలమాళిగలోనైనా కప్పీ, గొలుసు కనిపిస్తే ఆ ప్రశ్న సహజమే. కాదు, కోటు కోసం అన్నాను. అతడు నన్నూ, గొలుసునూ మార్చి మార్చి చూసి, "విప్పేయనా మరి? తలకు తగులుతోంది," అన్నాడు. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో అతనికి చెప్పడానికి వీలుపడలేదు. ఇక్కడ చెబుతాను.

ఆయన పేరు రాయడం లేదు. ఆయన భార్య తన నోటితో ఆ పేరు ఎన్నడూ పలకలేదు. ఆమె పాటించిన నియమాన్ని కాగితం మీద నేను తప్పడం బాగుండదు. కొత్తగూడెం బొగ్గుబాయిల్లో పనిచేసి, అక్కడినుంచి శిక్షణకని పశ్చిమ జర్మనీలోని గెల్సెన్‌కిర్షెన్ అనే బొగ్గు పట్టణానికి వెళ్ళి, అక్కడి బాయిలు ఒక్కొక్కటే మూతపడుతుంటే డెట్రాయిట్ నగరం కింద ఉన్న ఉప్పు గనిలో పనికి వచ్చాడు. ఆయన జీవితచరిత్రగా నాకు తెలిసింది ఇంతే. ఇంతకంటే తెలుసుకోవాలని నేను ప్రయత్నించలేదు.

అంతకు ముందు నెల, ఒక హైస్కూలు భోజనశాలలో జరిగిన దీపావళి సభలో ఆయన్ను మొదటిసారి చూశాను. పులిహోర పళ్ళెం పట్టుకుని, కనిపించిన ప్రతి తెలుగువాణ్ణీ "మీ ఇంటికి బేస్‌మెంట్ ఉన్నదా?" అని అడుగుతున్నాడు. "ఏంటండీ, ఇల్లు కొంటున్నారా?" అని ఎవరో నవ్వారు. "నాది రెండో అంతస్తు అపార్ట్‌మెంటు. నాకు నేల కింద గది గావాలె. శనివారం పూట రెండు గంటలు," అన్నాడు. కారణం అడగకుండా సరేనన్నవాణ్ణి నేనొక్కణ్ణే. అప్పుడు అడగలేదు గాని, గొలుసు బిగించేటప్పుడు అడిగాను.

"బాయి పక్కన స్నానాల షెడ్డు ఉంటది సాబ్. సినిమా హాలంత ఎత్తు," అని స్టూలు మీద నిలబడి మరలు తిప్పుతూ చెప్పాడు. "దిగేముందు మన మంచి బట్టలు కొక్కేనికి తగిలిస్తం. గొలుసు గుంజి కప్పు దాకా లేపుతం, తాళం ఏస్తం. వందల మంది కోట్లు, ప్యాంట్లు పైన ఏలాడుతుంటయి. పైకొచ్చినంక ఎవని గొలుసు వాడు దించుకుంటడు. తలెత్తి సూస్తె సాలు, ఎవడింకా కిందనే ఉన్నడో తెలుస్తది."

"పైకి రాకపోతే?"

"రాకుంటె వాని వీపు రుద్దినోడు దించుతడు. ఇంకెవ్వడు ముట్టడు."

"ఇక్కడ మీకు ఆ మనిషెవరు?"

ఆయన కొక్కేన్ని గుడ్డతో తుడిచి చూసుకున్నాడు. "ఇక్కడ ఎవ్వలు లేరు. అందుకే ఎప్పటిదప్పుడు నేనే దించుకోని పోవాలె," అన్నాడు. బెంగపడే మనిషి గొంతు కాదది. అయినా మరలు బిగించడం పూర్తయిన తరువాత కూడా స్టూలు మీదనుంచి వెంటనే దిగలేదు.

ఆ శనివారంనుంచి క్రమం ఏర్పడింది. తొమ్మిదిన్నరకు ముందు వచ్చేవాడు. తన నల్ల ఉన్నికోటు విప్పి కొక్కేనికి తగిలించి, గొలుసు లాగి కప్పు దూలం దాకా ఎత్తి, తాళం వేసి, తాళంచెవి మెళ్ళోని దారానికి కట్టుకునేవాడు. నీలం తెలుపు చారల ఉన్ని మఫ్లరు మెడకు చుట్టుకుని, షార్ట్‌వేవ్ రేడియో ముందు మడతకుర్చీలో కూర్చునేవాడు. జర్మనీలో మధ్యాహ్నం మూడున్నరకు మొదలయ్యే ఫుట్‌బాల్ ఆటలు మాకు ఉదయం తొమ్మిదిన్నర. ఏరియల్ తీగ బేస్‌మెంట్ కిటికీలోంచి పెరటి మేపుల్ చెట్టుదాకా నేనే లాగాను. ఆట ముగిశాక అక్కడి తొట్టి దగ్గర చొక్కా విప్పి, తాను తెచ్చుకున్న ముతక సబ్బుతో మెడ, ముఖం, చేతులు కడుక్కుని, కోటు దించి తొడుక్కుని, మెట్లెక్కి వచ్చి కాఫీ తాగేవాడు. కాఫీ కింద తాగమంటే తాగలేదు. "కింద కింది పనే," అన్నాడు.

నాకు ఫుట్‌బాల్ తెలియదు, ఇప్పటికీ తెలియదు. ఆయన అభిమానించే గెల్సెన్‌కిర్షెన్ జట్టు గురించి తెలిసినదంతా ఆయన చెప్పగా విన్నదే. బాయి పిల్లలు కలిసి పెట్టుకున్న జట్టట. తొలి రోజుల్లో ఆటగాళ్ళు కూడా బాయి పని చేసినవాళ్ళేనట. ఇప్పటికీ ఆ జట్టును గని పనివాళ్ళ పేరుతోనే పిలుస్తారట. ప్రతి వీధి చివరా బాయి మీది చక్రం కనబడేదనీ, ఆరేసిన తెల్లబట్టలు బూడిదరంగులో ఇంట్లోకి వచ్చేవనీ, కింద తవ్విన చోటల్లా పైన ఇళ్ళు పగుళ్ళిచ్చేవనీ, ప్రతి పెరట్లో పందెపు పావురాల గూడు ఉండేదనీ చెప్పేవాడు. ఇవన్నీ ఫిర్యాదులా ఉండేవి కావు, పొగడ్తలా కూడా ఉండేవి కావు. కొత్తగూడెం గురించి కూడా ఆ గొంతుతోనే చెప్పేవాడు.

ఆ పట్టణానికి పక్కనే ఇంకొక బొగ్గు పట్టణం, దానికి పసుపు నలుపు రంగుల జట్టు ఉన్నాయి. ఆ ఊరి పేరు ఆయన నోట రాదు. "పక్కూరు" అంటాడు. ఒకసారి ఎవరింట్లోనో భోజనాల దగ్గర, కాన్ఫరెన్సుకని ఆ ఊరు వెళ్ళివచ్చిన డాక్టరు ఒకాయన, "చాలా నీట్‌గా ఉందండీ," అని మొదలుపెట్టాడు. ఈయన తన పళ్ళెం తీసుకుని అవతలి బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. డాక్టరు బిత్తరపోయాడు.

ఈయన భార్య పప్పు వడ్డిస్తూ, "ఏమనుకోకుర్రి డాక్టరుగారూ," అంది. "నేను ఈన పేరు చెప్ప. ఈన ఆ ఊరి పేరు చెప్పడు. మా ఇంట్ల అట్లనే నడుస్తది."

"అంటె నీకు నా మీద ఉన్నంత మర్యాద నాకు ఆ ఊరి మీద ఉన్నదన్నట్టా!" అని అవతలి బల్లనుంచి ఈయన అరిచాడు. భోజనాలు ముగిసేదాకా నవ్వుతూనే ఉన్నారు. బల్ల మాత్రం మారలేదు.

1981 వేసవిలో ఆ జట్టు వరుస ఓటములతో, మొదటిసారి, కింది శ్రేణి అయిన రెండో డివిజనుకు దిగిపోయింది. మరుసటి ఏడు ఎక్కింది. 1983లో మళ్ళీ దిగింది. రెండో డివిజను ఆటలను రేడియోవాళ్ళు వర్ణించేవారు కాదు; చివర్లో ఫలితాలు చదివేటప్పుడు ఒక్క వాక్యం వచ్చేది. ఆ ఒక్క వాక్యం కోసం పదకొండున్నరకు వస్తే చాలునని నేను లెక్కవేసి చెప్పాను. ఆయన వినలేదు. ఎప్పటిలాగే తొమ్మిదిన్నరకు ముందే వచ్చి, కోటు ఎత్తి, తనకు సంబంధంలేని జట్ల ఆటలు వింటూ కూర్చున్నాడు. "మనోళ్ళు ఆడుతనే ఉన్నరు గద సాబ్. రేడియోల జెప్పకుంటె ఆడనట్టా?" అన్నాడు.

అదే 1983లో డెట్రాయిట్ కింది ఉప్పు గని కూడా మూతపడింది. దాని గురించి ఆయన అన్నది ఒకటే మాట: "బొగ్గు నల్లగుంటది, ఉప్పు తెల్లగుంటది. లోపలికి పోయినంక రెండూ దుమ్మే." అని ఛాతీ మీద వేలితో తట్టుకున్నాడు. తరువాత ఒక హార్డ్‌వేర్ దుకాణంలో తాళంచెవులు కోసే పనికి కుదిరాడు. నేల మీద పని చేయడం అదే మొదలట.

1984 మే 2, బుధవారం, మధ్యాహ్నం రెండు గంటలకు జర్మన్ కప్పు పోటీలో సెమీఫైనల్ ఉందని మా పక్కవాకిలి తాళంచెవి ముందురోజే అడిగి తీసుకున్నాడు. రెండో డివిజనులో ఉన్న ఆయన జట్టు, మ్యూనిక్ నగరపు పెద్ద జట్టుతో సొంత మైదానంలో ఆడుతోంది. నేను ఆఫీసులో ఉన్నాను. సాయంత్రం భోజనాల దగ్గర మా అమ్మాయి లావణ్య తన అమెరికా తెలుగులో చెప్పింది.

"డాడీ, బేస్‌మెంట్‌లో అంకుల్ ఏడ్చాడు."

"ఓడిపోయారా?"

"నో. గెలవలేదు కూడా. సిక్స్-సిక్స్. లాస్ట్ మినిట్‌లో గోల్ చేశారంట. అంకుల్ చెయిర్ ఎక్కి అరిచాడు, దెన్ ఏడ్చాడు, దెన్ సోప్‌తో ఫేస్ వాష్ చేసుకున్నాడు, దెన్ కోట్ వేసుకుని వెళ్ళిపోయాడు. కాఫీ కూడా అడగలేదు."

మళ్ళీ ఆడిన ఆటలో ఓడిపోయారు. ఆ ఓటమిని ఆయన ఎన్నడూ ప్రస్తావించలేదు. ఆరు ఆరు మాత్రం చాలాసార్లు ప్రస్తావించాడు. ఆ వేసవిలోనే జట్టు తిరిగి మొదటి డివిజనుకు ఎక్కింది.

1986 ఫిబ్రవరిలో దుకాణం ముందు మంచుగడ్డ మీద జారి ఆయన కుడిభుజం దగ్గర కాలర్ బోన్ విరిగింది. ఆ శనివారం రాడనుకున్నాను. వచ్చాడు, చెయ్యి మెడకు కట్టుకుని. ఎడమచేత్తోనే గొలుసు లాగాడు. సాయానికి నేను చెయ్యి చాపితే, "ముట్టకుర్రి," అన్నాడు. ఆట ముగిసింది. తొట్టి దగ్గర ఒంటిచేత్తో ముఖం కడుక్కుని, సబ్బు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు.

"మొదటి దినం సంగతి జెప్త," అన్నాడు, నావైపు తిరగకుండా. "షిఫ్టు దిగినం. స్నానాల షెడ్ల అందరు నగ్నంగ, నల్లగ నిలబడ్డరు. నేను మూలకు పోయిన. మా దిక్కు అలవాటు అట్లాంటిది సాబ్. మా నాయిన గాని నేను గాని ఎవని వీపు మీద చెయ్యి పెట్టాలన్నా ముందు ఎవరినో అడగాలె, అడిగినా పెట్టనియ్యరు. నా పక్కన ఒక జర్మనోడుండె, ఎద్దంత మనిషి. వాడు నాకు పేరు జెప్పలె, నమస్తె పెట్టలె. సబ్బు నా చేతుల పెట్టి, వీపు నా దిక్కు తిప్పి నిలవడ్డడు. రుద్దు అన్నట్టు. రుద్దిన. అయినంక నా భుజం పట్టి తిప్పి నా వీపు వాడు రుద్దిండు. ఎవని వీపు వాడు రుద్దుకోలేడు గద, అందుకు. గంతే. అక్కడ అదొక పెద్ద సంగతే కాదు. నేను మాత్రం ఆ రాత్రి బువ్వ తినలె. శనివారం వాడే నన్ను ఆటకు తోలుకపోయిండు. ఈ మఫ్లరు వానిదే."

"ఆయన గొలుసు?"

"నేనే దించిన. అరవై ఎనిమిదిల."

నేను అప్పటిదాకా మెట్టు మీద కూర్చుని ఉన్నాను. లేచి చొక్కా చేతులు మడిచి, ఆయన చేతిలోని సబ్బు తీసుకున్నాను. వీపు మీద, చర్మం లోపల, నీలంరంగు గీతలు ఉన్నాయి. బొగ్గు గాయాల్లో చేరి మానిపోతే ఆ రంగు నిలిచిపోతుందట. కట్టు తడవకుండా భుజాలనుంచి నడుము దాకా రుద్ది, మగ్గుతో నీళ్ళు పోసి, తువ్వాలుతో తుడిచాను.

కోటు దించుకుని, ఒక భుజం మీద వేసుకుని, మెట్ల దగ్గర ఆగాడు. "కాఫీ పెట్టిస్తవా?" అన్నాడు. ఆరేళ్ళ పరిచయంలో ఆయన నన్ను ఏకవచనంలో పలకరించడం అదే మొదటిసారి. తరువాత ఎన్నడూ సాబ్ అనలేదు.

1988 ఏప్రిల్ 16, శనివారం. ఆట రెండోభాగం మొదలైన కొద్దిసేపటికి ఆయన ఊపిరి శబ్దం రేడియో శబ్దాన్ని మించింది. పెదవులు నీలమయ్యాయి. లేవదీసి మెట్లెక్కిస్తుంటే కోటు గుర్తొచ్చి వెనక్కి తిరిగాను. చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ముట్టకు. ఆట కాలె. నేనింక కిందనే ఉన్న."

బయట సన్నగా మంచు రాలుతోంది. నా బూడిదరంగు ఓవర్‌కోటు ఆయనకు తొడిగి ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయనీ, ఇక ఆక్సిజన్ గొట్టంతోనేననీ డాక్టరు చెప్పాడు.

రెండోరోజు ఆయన భార్య ఫోను చేసింది. "అన్నా, ఆయన కోటు తెచ్చియ్యి. అండ్ల కారు తాళాలున్నయి."

"ఇంకో తాళంచెవి లేదామ్మా?"

"ఉన్నది. అది సుత ఆ కోట్లనే ఉన్నది."

ఊరందరికీ తాళంచెవులు కోసిపెట్టే మనిషి తన రెండో తాళంచెవిని మొదటిదానితోపాటు ఒకే జేబులో వేసుకుని తిరిగాడు. కారు మా వాకిట్లోనే ఉండిపోయింది. కోటు దించలేనని చెప్పాను.

"ఏందన్నా నువ్వు సుత! పానం బాగలేని మనిషి మాట పట్టుకుంటవా?"

"బాగున్నప్పుడు చెప్పిన మాటేనమ్మా."

ఆమె ఫోను పెట్టేసింది. నా భార్య కూడా విసుక్కుంది. "తాళంకప్ప కోస్తే ఐదు నిమిషాల పని. దానికోసం రోజూ ముప్ఫై మైళ్ళు ఆమెను తిప్పుతారా?" లెక్క సరైనదే. అయినా రోజూ సాయంత్రం ఆమెను ఆసుపత్రికి నా కారులోనే తీసుకువెళ్ళి, తీసుకువచ్చాను. మొదటి వారం ఆమె దారంతా మాట్లాడలేదు. రెండో వారం ఒక ఎర్రలైటు దగ్గర, "కింద ఉన్నంక ముట్టొద్దని నాకు సుత జెప్పిండు, పెండ్లైన కొత్తల. మర్చిపోయిన," అంది. ఆ తరువాత ఆమె కోటు మాట ఎత్తలేదు.

శనివారాలు నేనొక్కణ్ణే కిందికి వెళ్ళి రేడియో పెట్టేవాణ్ణి. భాష రాదు. ఆయన జట్టు పేరు, పక్కన రెండు అంకెలు పట్టుకుంటే చాలు. అవి రాసుకుని ఆసుపత్రికి వెళ్ళి చెప్పేవాణ్ణి. కోటు నా తల మీద వేలాడుతూ ఉండేది. ఫర్నేస్ గాలి వీచినప్పుడు కొద్దిగా కదిలేది.

సీజను చివరి శనివారం వెళ్ళేసరికి ఆయన గొట్టం పెట్టుకునే ఎదురుచూస్తున్నాడు.

"దిగిండ్రా?"

"దిగిపోయారు."

"మూడోపారి," అన్నాడు. "ఎక్కుతరు తియ్యి. దిగినోడే గద ఎక్కేది." ఎక్సరే తీసేటప్పుడు నర్సు విప్పించిన దారం దిండు కింద ఉంది. దానికున్న తాళంచెవిని ఊడదీయడానికి ఆయన వేళ్ళకు చాలాసేపు పట్టింది. సాయం చేయబోతే ఒప్పుకోలేదు. ఊడదీసి నా అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు. "ఇప్పుడే దించకు."

"ఎప్పుడు?"

"నన్ను అడుగుతవేంది? వీపు రుద్దినోనివి నువ్వు."

బుధవారం మధ్యాహ్నం రెండున్నరకు పోయాడు.

దహనం ముగిసిన మర్నాడు ఆమె మా ఇంటికి వచ్చింది. తాను కిందికి రాదని, మెట్ల పైనే నిలబడింది. నేను తాళం తీసి, గొలుసు ఒక్కొక్క పట్టు వదులుతూ వచ్చాను. కప్పీకి నూనె లేక కిచకిచలాడింది. "నేల తగలనియ్యకు అన్నా," అంది పైనుంచి. తగలనివ్వలేదు. ఉన్నికోటు దాదాపు ఆరు వారాల్లో భుజాల దగ్గర కొక్కెం ఆకారానికి సాగింది. దాన్ని చేతుల మీద వేసుకుని మెట్లెక్కి ఆమెకు ఇచ్చాను. ఆమె జేబులోంచి కారు తాళాలు రెండూ తీసుకుంది. వాకిట్లో కారు స్టార్టు కాలేదు. బ్యాటరీ చచ్చిపోయింది. నా కారుతో కలిపి స్టార్టు చేసి పంపాను.

నిన్నటి ఫర్నేస్ పనివాడి ప్రశ్నకు జవాబుగా ఉన్నవీ పోయినవీ లెక్క చూసుకున్నాను.

పోయినవి: మనిషి ఒకరు. ఆయన పనిచేసిన బొగ్గుబాయిలు, పేర్లు నాకు తెలియవు. ఉప్పు గని ఒకటి. మొదటి డివిజనులో ఆ జట్టు స్థానం, మూడుసార్లు; రెండుసార్లు తిరిగి వచ్చింది. నీలం తెలుపు మఫ్లరు, ఆయనతోపాటే కాలింది. నా బూడిదరంగు ఓవర్‌కోటు ఆసుపత్రినుంచి తిరిగి రాలేదు, నేను అడగలేదు.

ఉన్నవి: నల్ల ఉన్నికోటు, ఆమె దగ్గర. షార్ట్‌వేవ్ రేడియో, మడతకుర్చీ, మా బేస్‌మెంట్‌లో. తొట్టి గట్టు మీద ముతక సబ్బు, సగం. తాళంచెవి, నా దగ్గర. గొలుసు ఒకటి, కొక్కెం ఖాళీగా, తలకు తగిలేటంత కిందికి దించి ఉంది. పైన కోటు లేదంటే, ఆ షెడ్డు నియమం ప్రకారం, ఆ మనిషి పైకి వచ్చినట్టు లెక్క.